ఇంట్లో ఆటలమ్మ: ముందు ఎవర్ని చూడాలి?

ఎండలు ముదరకముందే మొదలయ్యే సీజన్ ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ ప్రశ్నలు కలిపి చూస్తే ఎక్కువ భాగం పిల్లల ఒంటి మీద పొక్కుల గురించే. ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు తీసేశాను. ఆలస్యం కాకూడని వాటికి అప్పుడే ఫోన్లో చెప్పాను, మిగతావాళ్లకీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఫొటోలు పంపేవాళ్లకి ఒక మాట: రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద ఫ్లాష్ వేసి తీస్తే పొక్కులో నీరుందో లేదో ఏమీ తెలియదు. పొద్దున పూట పిల్లవాణ్ణి కిటికీ పక్కన నిలబెట్టి, ఎదురుగా కాకుండా కాస్త పక్కనుంచి తీయండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, 18 కిలోలు. ఆదివారం సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది. సోమవారం పొద్దున పొట్ట మీద రెండు మూడు ఎర్ర మచ్చలు కనిపిస్తే దోమకాటేమో అనుకున్నాను, మధ్యాహ్నానికి వీపు నిండా, తలలో కూడా వచ్చేశాయి. మా అత్తయ్యగారు చూడగానే అమ్మవారు పోసిందన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టారు, ఇంట్లో తాలింపు మానేశాం, బాబుకి చప్పిడి కూడే పెడుతున్నాం, స్నానం లేదు. మందులు వేయకూడదంటున్నారు. వాడు రాత్రంతా గోక్కుంటూ ఏడుస్తున్నాడు. వాడి తర్వాత మూడేళ్ల పాప ఉంది. మా ఆడపడుచుకి అయిదో నెల, శనివారం వచ్చింది, వాడు రోజూ ఆమె పక్కనే పడుకుంటున్నాడు. వచ్చే వారం సీమంతం పెట్టుకున్నాం. ఏం చేయమంటారు?
(ఒక తల్లి, తెనాలి)

జవాబు: మీరు ఆఖర్న రాసిన ముక్కే అన్నిటికంటే ముందు రాయాల్సింది అమ్మా. మీ బాబుకి వచ్చింది ఆటలమ్మే, మీ వర్ణన చూస్తే నాకు పెద్దగా అనుమానం లేదు, వాడు వారం పది రోజుల్లో లేచి ఆడుకుంటాడు. నా టెన్షన్ అంతా మీ ఆడపడుచు గురించి. ఆటలమ్మ ఇంట్లోకి వచ్చినప్పుడు అందరూ పొక్కులున్న పిల్లవాణ్ణే చూస్తారు. నేను మాత్రం ఆ ఇంట్లో ఇంకెవరున్నారని అడుగుతాను. గర్భిణులు, పసికందులు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, ఉబ్బసానికో కీళ్లవాతానికో కిడ్నీ జబ్బుకో స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు: ఈ జబ్బు నిజంగా దెబ్బతీసేది వీళ్లని.

ముందుగా ఆమెను ఒక్కటే అడగండి: చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా? వాళ్లమ్మగారికి, అంటే మీ అత్తయ్యగారికి, బాగా గుర్తుంటుంది. ఖాయంగా వచ్చిందంటే దాదాపు భయం లేనట్టే, ఒకసారి వస్తే రక్షణ మిగిలిపోతుంది. రాలేదన్నా, గుర్తులేదన్నా ఆ రోజే ఆమెను చూస్తున్న గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేయండి. ఫోన్ చేయండి అంటున్నాను, తిన్నగా వెళ్లి ఓపీ హాల్లో కూర్చోవద్దు, అక్కడ ఉండేదంతా గర్భిణులే కదా. వారిసెల్లా ఐజీజీ అని ఒక రక్తపరీక్ష ఉంది, రక్షణ ఉందో లేదో అందులో తేలుతుంది. లేదని తేలితే ఇమ్యూనోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, రోగి దగ్గర మెసలిన 10 రోజుల్లోపు పడాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఆటలమ్మ టీకా మాత్రం గర్భంతో ఉండగా వేయకూడదు, అది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసినది.

20 వారాల లోపు తల్లికి ఆటలమ్మ వస్తే కడుపులో బిడ్డకి కాళ్లూ చేతులూ, కళ్లూ, మెదడూ దెబ్బతినే అవకాశం ఉంది, అయితే అది నూటికి ఒకరిద్దరిలోనే. కాబట్టి ఎవరో భయపెట్టారని అబార్షన్ దాకా ఆలోచించకండి. తల్లికి న్యుమోనియా వస్తే అది పెద్ద ప్రమాదం. ఒక్క పొక్కు కనిపించినా 24 గంటల్లోపు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు మొదలవ్వాలి, దగ్గు, ఆయాసం ఉంటే ఆస్పత్రిలో చేర్చాలి. నెలలు నిండినవాళ్లకైతే లెక్క వేరు: కాన్పుకు 5 రోజుల ముందు నుంచి కాన్పయిన 2 రోజుల దాకా, ఆ మధ్యలో తల్లికి పొక్కులు మొదలైతే పుట్టిన బిడ్డకి చాలా తీవ్రంగా వస్తుంది. తల్లి నుంచి రక్షణనిచ్చే యాంటీబాడీలు అందే వ్యవధి ఉండదు, వైరస్ మాత్రం అందుతుంది.

ఇక సీమంతం. రక్తపరీక్షలో రక్షణ లేదని తేలితే వాయిదా వేసుకోండి, మొహమాటపడకండి. మచ్చలు కనబడటానికి రెండు రోజుల ముందు నుంచే ఈ జబ్బు అంటుకుంటుంది, అంటే శనివారం రాత్రి వాడు పక్కలో చేరినప్పటికే అంటించే స్థితిలో ఉన్నాడు. అంటుకున్నాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు. ఆవిడ ఒంట్లోకి చేరి ఉంటే ఎనిమిదో రోజు నుంచి ఇంకొకరికి అంటించగలదు, చూడ్డానికి ఏమీ లేకపోయినా సరే. సరిగ్గా అప్పుడు పేరంటానికి ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లనీ, పాలు తాగే పిల్లల్ని చంకనేసుకున్న బాలింతలనీ పిలిచి ఆవిడ చుట్టూ కూర్చోబెడతామా? పరీక్షలో రక్షణ ఉందని వస్తే గాజులు నిశ్చింతగా తొడగండి, బాబుని మాత్రం ఆ గది దరిదాపుల్లోకి రానివ్వకండి.

మూడేళ్ల పాపకి టీకా పడకపోతే ఇవాళే వేయించండి. పక్కవాళ్లకి పొక్కులు వచ్చిన మూడు నుంచి అయిదు రోజుల్లోపు వేసినా జబ్బు రాకుండా ఆపొచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది. ఇది చేయకపోతే, ఒకే ఇంట్లో తర్వాత వచ్చిన పిల్లకి మొదటివాడికంటే ఎక్కువగా పూస్తుంది. ఒకే గదిలో ఊపిరి పీలుస్తూ ఎక్కువసేపు గడుపుతారు కదా.

ఇప్పుడు బాబు సంగతి. ఆటలమ్మను గుర్తుపట్టడం తేలికే. ముఖం, తల, ఛాతీ, వీపు ముందు. చేతులూ కాళ్లూ తర్వాత, అదీ తక్కువగా. ఎర్ర మచ్చ మీద నీటిబొట్టు పెట్టినట్టు పొక్కు లేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో అది మసకబారి, నడుమ గుంటపడి, పెచ్చు కడుతుంది. ఈలోగా ఇంకో విడత కొత్తవి వస్తాయి. అందుకని మూడోరోజున బాబు వీపు చూస్తే మచ్చ, నీటిపొక్కు, పెచ్చు మూడూ ఒకే చోట పక్కపక్కనే ఉంటాయి. అసలు గుర్తు అదే. టీకా పడని పిల్లల్లో మొత్తం 250 నుంచి 500 దాకా పొక్కులు రావచ్చు, లెక్కపెట్టకండి. నోట్లో, కనురెప్పల లోపల, మూత్రం పోసే చోట కూడా వస్తాయి. అక్కడ మంటకి పిల్లలు మూత్రం బిగపడతారు, టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి కూర్చోబెట్టి అందులోనే పోయమనండి, పర్వాలేదు.

స్నానం ఎందుకు ఆపారో నాకు తెలుసు, అది మీ ఒక్కరి ఇంట్లో ఆచారం కాదు. కానీ చెమట, మురికి, గోళ్ల కింద మట్టి ఉన్న ఒంటి మీద పొక్కు చిట్లితే చీము పట్టేది అక్కడే, తర్వాత గుంటమచ్చ మిగిలేదీ అక్కడే. రోజూ గోరువెచ్చటి నీళ్లు పోయండి, సున్నిపిండీ పీచూ వద్దు, మెత్తటి నూలు తువ్వాలుతో అద్దండి, తుడవకండి. మీ అత్తయ్యగారు నీళ్లలో వేపాకు వేసి కాచమంటే కాచండి, నష్టం లేదు. ఇంకా చెప్పాలంటే పెద్దావిడ చేసినవాటిలో సగం సరైనవే: గుమ్మానికి వేపమండ కట్టడమంటే ఈ ఇంట్లో అంటుజబ్బుంది, రాకండి అని ఊరికి చెప్పడమే, ఇవాళ మేం ఐసోలేషన్ అంటున్నది అదే కదా. లేత వేపరెమ్మతో వీపు మీద నెమ్మదిగా ఆడిస్తే గోళ్లతో గీరుకోవడం కంటే నయం. పచ్చి పసుపూ వేపాకూ నూరి చితికిన పొక్కుల మీద మందంగా పట్టించడం మాత్రం ఆపించండి.

పథ్యం విషయంలో కాస్త గట్టిగా మాట్లాడండి. నోట్లో పొక్కులున్నప్పుడు కారం, పులుపు మండుతాయి కాబట్టి వాటిని తగ్గించడం సబబే. అంతేగానీ ఉప్పు మానడానికి, పప్పూ గుడ్డూ మానడానికి కారణమేమీ లేదు. జ్వరంలో పిల్లవాడికి నీళ్లూ బలమూ కావాలి. మజ్జిగ, పెరుగన్నం, మెత్తగా ఉడికించిన పప్పన్నం, అరటిపండు, కొబ్బరినీళ్లు, వాడికేది సయిస్తే అది. అమ్మవారికి చల్ది నైవేద్యం పెట్టాక ఆ పెరుగన్నం వాడికే తినిపించండి, ఇద్దరికీ బాగుంటుంది.

మందుల్లో జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఇక్కడ చాలామంది పొరబడేది సీసా మీది అంకె దగ్గర. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు అని రాసి ఉన్న సిరప్ అయితే 18 కిలోల పిల్లవాడికి 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. అదే కొలత 120 సిరప్‌తో పోస్తే కావాల్సిన దాంట్లో సగం కూడా పడదు. జ్వరం తగ్గడం లేదని గంటకోసారి పోసేది ఇలాంటప్పుడే. చంటిపిల్లలకిచ్చే చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది, అది చెంచాల్లో పోయకూడదు. డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, రోజుకి నాలుగుసార్లకి మించొద్దు. ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ఆటలమ్మలో వద్దు, పొక్కుల్లో పట్టే చర్మం ఇన్ఫెక్షన్ తీవ్రమయ్యే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో ఇచ్చే జ్వరం సిరప్‌లలో పారాసిటమాల్‌తో ఇవి కలిపినవి బోలెడు, లేబుల్ చదివే కొనండి. ఆస్పిరిన్ అసలే వద్దు, రేయ్ సిండ్రోమ్ అని కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే జబ్బు దానివల్ల రావచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరం ఒక్కరోజులో దించే సూది వేయించుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఆటలమ్మ అదుపు తప్పుతుంది.

దురదకి కాలమిన్ లోషన్ దూదితో అద్దండి, కళ్ల దగ్గరా నోట్లో తప్ప. రాత్రి నిద్ర పట్టకపోతే సెట్రిజిన్ లాంటిది మీ పిల్లల డాక్టరు బరువును బట్టి రాస్తారు. గోళ్లు పొట్టిగా కత్తిరించి, పడుకునేటప్పుడు చేతులకి వాడి పాత మేజోళ్లే తొడగండి. రెండు రాత్రులు గొడవ చేస్తాడు, తర్వాత అలవాటవుతుంది. యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్న ఆరేళ్లవాడికి ఎసైక్లోవిర్ కూడా సాధారణంగా అక్కర్లేదు. 12 ఏళ్లు దాటినవాళ్లకి, చర్మవ్యాధో ఉబ్బసమో ఎప్పుడూ ఉండేవాళ్లకి అది ఇస్తాం, అదీ మొదటి పొక్కు కనిపించిన 24 గంటల్లోపు మొదలెడితేనే ఉపయోగం.

నాలుగు రోజులు దాటినా జ్వరం దిగకపోయినా, దిగి మళ్లీ ఎక్కినా, ఒక పొక్కు చుట్టూ ఎర్రగా వాచి ముట్టుకుంటే ఏడ్చేంత నొప్పి ఉన్నా, ఆయాసపడుతున్నా, పదేపదే వాంతులైనా, నడుస్తుంటే తూలుతున్నా, మగతగా పడి ఉండి పిలిస్తే పలకకపోయినా ఆలోచించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. అప్పుడు పెద్దావిడతో వాదన పెట్టుకోకండి, అమ్మవారికి దణ్ణం పెట్టుకునే బయల్దేరదాం అనండి. బడికి ఎప్పుడు పంపాలంటే, ఆఖరి పొక్కు కూడా పెచ్చు కట్టాక. మామూలుగా వారం పడుతుంది. పెచ్చులు రాలేదాకా ఆగక్కర్లేదు, ఎండిన పెచ్చు అంటించదు.

ప్రశ్న: నమస్తే సార్. నేను ఆశా కార్యకర్తని, మాది అచ్చంపేట దగ్గర తండా. ఒక ఇంట్ల 11 నెలల బిడ్డకి నాలుగు దినాల సంది జ్వరం, దగ్గు, కండ్లు ఎర్రగయ్యి పుసులు కడుతున్నయి. నిన్నటి సంది చెవుల వెనుకకెళ్లి మొఖం మీదికి ఎర్రగ దద్దులు. నీటిపొక్కులు లేవు. వలసపోయొచ్చిన్రు, 9 నెలల టీకా పడలే. అమ్మతల్లి అని దవాఖానకు తోలుతలేరు, నన్ను గూడ లోపటికి రానిస్తలేరు.

జవాబు: అమ్మా, ఇది ఆటలమ్మ కాదు, మీకూ ఆ అనుమానం ఉండబట్టే రాశారు. నాలుగు రోజులు జ్వరం ముందు, దద్దు వెనక. దగ్గు, ముక్కు కారడం, ఎర్ర కళ్లు. చెవుల వెనక మొదలై కిందికి దిగడం. ఇది తట్టు, మీజిల్స్. నోరు తెరిపించి దవడల లోపల చూస్తే ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపించవచ్చు, దద్దు వచ్చాక అవి త్వరగా మాయమైపోతాయి కాబట్టి కనబడలేదని కొట్టిపారేయొద్దు. ఆటలమ్మనీ దీన్నీ ఒకే పేరుతో అమ్మవారు అనడం వల్ల జరిగే నష్టం ఇదే. ఆటలమ్మలో ఇంట్లో ఉంచి కనిపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది, తట్టులో అలా ఉంచితే న్యుమోనియాతోనో విరేచనాలతోనో బిడ్డ చేజారిపోవచ్చు.

మీ ఏఎన్ఎంకి ఇవాళే చెప్పండి, జ్వరంతో దద్దు వచ్చిన ప్రతి బిడ్డ వివరం పైకి వెళ్లాలి, రక్తం తీసి పరీక్షకి పంపుతారు. బిడ్డకి విటమిన్ ఎ కావాలి: 6 నుంచి 11 నెలలవాళ్లకి లక్ష యూనిట్లు, ఏడాది దాటినవాళ్లకి రెండు లక్షలు, ఇవాళ ఒకటి, రేపు ఒకటి. కళ్లు పోకుండా, ప్రాణం పోకుండా కాపాడేది చాలావరకు అదే. ఇంట్లో ఆచారం కాదనకండి, వేపాకు వేపాకే, చుక్కల మందు చుక్కల మందే అని వాళ్ల నానమ్మతోనే మాట్లాడండి, ఆ ఇంట్లో తలుపు తీసేది ఆమే కదా. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

తట్టు దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందు, కనబడ్డాక నాలుగు రోజులు అంటుకుంటుంది, అదీ గాలిలో. తండాలో 9 నెలలు దాటి టీకా పడని పిల్లలందరినీ రాసుకోండి. 72 గంటల్లోపు వేస్తే అప్పటికే దగ్గరగా మెసలిన పిల్లల్ని కూడా కాపాడొచ్చు. ఎంఆర్ (మీజిల్స్, రుబెల్లా) టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి, రెండూ ఉచితమే. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో బళ్లన్నీ తిరిగి వేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత పుట్టి, వలసల్లో తప్పిపోయిన పిల్లలే ఇప్పుడు మిగిలారు.

ప్రశ్న: మా పాపకి రెండేళ్లు, ప్లేస్కూల్‌కి వెళ్తుంది. మొన్న జ్వరం, నిన్న అరచేతుల్లో, అరికాళ్లలో, పిరుదుల మీద చిన్న పొక్కులు. నోట్లో పుండ్లు, చొంగ కారుతోంది, ఏమీ తినట్లేదు. స్కూల్ వాళ్లు ఆటలమ్మ అని ఇంటికి పంపేశారు, పక్కింటివాళ్లు టమాటా ఫ్లూ అంటున్నారు. ఏది నిజం?
(ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: ఆటలమ్మ పొట్టా వీపూ పట్టుకుంటుంది, మీ పాపకి వచ్చింది చేతులూ కాళ్లూ నోరూ. దీని పేరే హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ డిసీజ్, ఎక్కువగా కాక్సాకీ అనే వైరస్‌తో వస్తుంది. 2022 మేలో కేరళలోని కొల్లంలో పిల్లలకి ఎర్రటి పెద్ద పొక్కులు వస్తే టమాటా ఫ్లూ అని టీవీల్లో హోరెత్తించారు, తర్వాత పరీక్షల్లో చాలావరకు ఈ కుటుంబం వైరసే బయటపడింది. టమాటాలు మానేయక్కర్లేదు.

దీనికి మందు లేదు, మన దగ్గర టీకా లేదు, వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. మీరు చూడాల్సింది పొక్కుల్ని కాదు, డైపర్‌ని. నోటి మంటకి నీళ్లు కూడా తాగరు, ఎనిమిది గంటలు మూత్రం లేకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా సెలైన్ అవసరం పడొచ్చు. వేడి అన్నం పెట్టి బతిమాలకండి. ఫ్రిజ్‌లో పెట్టిన పాలు, పులవని పెరుగు, కొబ్బరినీళ్లు, అవును, ఐస్‌క్రీమ్ కూడా, చెంచాతో కొంచెం కొంచెం పెట్టండి. బత్తాయి, నారింజ రసం బలమని పోస్తారు, పుండు మీద అది నిప్పే. తినడానికి అరగంట ముందు పారాసిటమాల్ వేస్తే నొప్పి తగ్గి రెండు ముద్దలు ఎక్కువ తింటారు.

వైరస్ మలంలో వారాల తరబడి ఉంటుంది కాబట్టి డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడగండి, శానిటైజర్ దీని మీద సరిగ్గా పనిచేయదు. జ్వరం పోయి, చొంగ ఆగి, పొక్కులు ఎండాక స్కూలుకి పంపొచ్చు. నిద్రలో మాటిమాటికీ ఉలిక్కిపడటం, తూలడం, ఆగని వాంతులు, మూడు రోజులు దాటిన జ్వరం ఉంటే వెంటనే ఆస్పత్రికి. ఇంకోటి, నెల రోజుల తర్వాత గోరు ఊడి వస్తే భయపడి నాకు ఫొటో పంపకండి, ఈ జబ్బు తర్వాత అలా జరుగుతుంది, కింద కొత్త గోరు అప్పటికే వచ్చి ఉంటుంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. బాబుకి ఇప్పుడు పది నెలలు, మే నెలలో విజయవాడ వస్తున్నాం, అప్పటికి ఏడాది నిండుతుంది. అక్కడ అందరికీ ఆటలమ్మ అంటున్నారు. టీకా వేయించే రావాలా? టీకా వేసినా మా అన్నయ్య కూతురికి హైదరాబాద్‌లో వచ్చింది, మరి ఎందుకు వేయించడం?

జవాబు: ఏడాది నిండాక మొదటి డోసు వేయిస్తారు. మీ బాబుకి ప్రయాణానికి రెండు వారాల ముందు ఆ వయసు వస్తే వేయించి బయల్దేరండి, రాకపోతే ఇక్కడే వేయించుకోవచ్చు. అక్కడ 1995 నుంచి వేస్తున్నారు, రెండో డోసు నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య. మన దగ్గర పిల్లల డాక్టర్ల సంఘం రెండు డోసులు సిఫారసు చేస్తుంది, అయితే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవాటిలో ఇది లేదు, డబ్బు పెట్టుకోవాలి. అందుకే మీకు ఇక్కడ ఆటలమ్మ ఇంకా అంతగా వినబడుతోంది.

మీ మేనకోడలికి ఒక్క డోసే పడి ఉంటుంది, చూడండి. ఒక్కదానితో తీవ్రమైన జబ్బు దాదాపు ఆగుతుంది, తేలికపాటిది అప్పుడప్పుడూ తప్పించుకుని వస్తుంది. అలా వచ్చినప్పుడు పొక్కులు 50 కూడా దాటవు, కొన్నిటిలో నీరే ఉండదు. అయినా అంటుకుంటుంది, బడి మానిపించాలి. మీరు టెక్సాస్ నుంచి రాశారు కాబట్టి ఒక విషయం: ఈ టీకా చేసిన జపాన్ వైద్యుడు తకహాషి, హ్యూస్టన్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు ఆయన కొడుక్కి ఆటలమ్మ బాగా ముదిరింది. తర్వాత ఒసాకా వెళ్లి 1974లో టీకా తయారుచేశాడు. ఏ బిడ్డ పొక్కు నుంచి వైరస్ తీశారో ఆ పిల్లవాడి ఇంటిపేరు ఓకా, ఇవాళ్టికీ చాలా టీకాల్లో వాడేది ఆ ఓకా రకమే.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు, షుగరుంది. నడుముకి ఒక పక్క మంటగా పొక్కులు వస్తే డాక్టరు హెర్పిస్ జోస్టర్ అన్నారు, మా వైపు సర్పి అంటారు. నాలుగు నెలల మనవరాలిని ఎత్తుకోవచ్చా? మొన్న పక్కింటి పిల్లాడికి ఆటలమ్మ వచ్చింది, వాడి దగ్గర అంటుకుందా?
(ఒక అమ్మమ్మ, రాజమండ్రి)

జవాబు: పక్కింటి పిల్లాణ్ణి ఏమీ అనకండి అమ్మా, అది మీదే. మీ చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ఇన్నేళ్లకి బయటికొచ్చింది. మీ నుంచి పాపకి సర్పి రాదు గానీ, ఆ పొక్కుల్లో నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు. పెచ్చులు కట్టేదాకా ఒళ్లో వేసుకోకండి, ఆ భాగం బట్టతో కప్పి ఉంచండి, మందు రాసుకున్నాక చేతులు కడుక్కోండి. వాళ్లమ్మకి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి ఉంటే పాపకి ఈ వయసులో కొంత రక్షణ ఉంటుంది, అయినా ఆగండి. పొక్కులు మొదలైన 72 గంటల్లోపు వైరస్ మందు వేసుకున్నవాళ్లకి జబ్బు త్వరగా తగ్గుతుంది. మీకు రాశారో లేదో చీటీ చూసుకోండి. షుగరు కూడా చూపించుకోండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను తొమ్మిదో తరగతి. ఆటలమ్మ తగ్గి మూడు వారాలైంది, ముఖం నిండా నల్లమచ్చలు. ఫ్రెండ్స్ నిమ్మరసం రాయమంటున్నారు, అక్క ఏదో తెల్లబడే క్రీమ్ ఇచ్చింది. వారంలో యాన్యువల్ డే ఉంది.

జవాబు: వారంలో పోవు తల్లీ, నిజం చెప్పేస్తున్నా. నల్లగా, చదునుగా ఉన్నవి రంగు మచ్చలు, కొన్ని నెలల్లో వాటంతట అవే పలచబడతాయి. గుంటపడ్డవి మాత్రం నువ్వు పెచ్చు గిల్లిన చోట్లు, అవి కొన్ని ఉండిపోవచ్చు. ఇంకా పెచ్చులుంటే దయచేసి ముట్టుకోకు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే మచ్చ ఇంకా నల్లబడుతుంది. ఆ క్రీమ్ ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసాల్ అని ఏదైనా ఉందేమో చూడు. అవి స్టెరాయిడ్లు, ముఖానికి వాడితే చర్మం పలచబడి మొటిమలూ ఎర్రదనమూ పట్టుకుంటాయి. ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్, రాత్రి మామూలు మాయిశ్చరైజర్ చాలు. పెచ్చులన్నీ రాలిపోయాయంటే స్టేజీ మీదకి మేకప్ వేసుకోవచ్చు, ఇంటికి రాగానే కడుక్కో. ఆర్నెల్ల తర్వాత కూడా గుంటలు బాధపెడుతుంటే అమ్మను తీసుకుని చర్మవ్యాధుల డాక్టరుకి చూపించు, వాటికి ఇప్పుడు చికిత్సలున్నాయి.